అవిసె నూనె మీద పడ్డ మాట

మా గానుగలో అవిసె గింజలు ఆడించడం మానేసి చాలా ఏళ్లయింది. ఆ నూనె చేపల్ని చంపుతుందని కొల్లాపూర్ చుట్టుపక్కల ఒక మాట పుట్టింది. అది వనపర్తి దాకా, నాగర్‌కర్నూల్ దాకా పాకింది. ఆ మాట పుట్టించిన మనిషి మొన్న కొత్తకోటలో చనిపోయాడు. అది అబద్ధమని తెలిసినవాళ్లం ఈ లోకంలో ఇద్దరమే ఉండేవాళ్లం, ఆయనా నేనూ. ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను.

కబురు తెచ్చింది పల్లీల లోడుతో వచ్చిన లారీ డ్రైవరు. "అక్కా, ఢాబల చాపలు కోసే ముసలి భాయ్ లేడా, మీ దిక్కు మనిషే. పొద్దుగాల చాయ్ తాగుకుంట గట్లనే పక్కకు ఒరిగిండంట" అని చెప్పి బస్తాలు దింపించే పనిలో పడ్డాడు. చేతిలో ఉన్న గరాటు అక్కడే పెట్టేసి లోపలికెళ్లి కూలబడ్డాను. కాసేపటికి మా ఇంటాయన వచ్చి చూసి, "మన గానుగను ఊరూరా బద్నాం చేసినోని కోసం ఏడుస్తున్నవా? నీకేమన్న పిచ్చా?" అన్నాడు. ఆయనకు తెలియదు మరి. నేను చెప్పలేదు. మామూలుగా నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఇంట్లో అందరూ అంటారు. ఈ ఒక్కటీ ఎట్లా దాచానో నాకే ఆశ్చర్యం.

ఆయన్ని మేమంతా భాయ్ అనేవాళ్లం. పొడుగు మనిషి, కొంచెం ముందుకు వంగి నడిచేవాడు. కొట్లోకి వస్తూనే సలాం కూడా చెప్పకుండా నూనె డబ్బా దగ్గరికెళ్లి, చిటికెన వేలు ముంచి నాలుక మీద రాసుకునేవాడు. కళ్లు మూసుకుని ఏదో వింటున్నట్టు నిలబడేవాడు. వేలికి మిగిలిన జిడ్డు గడ్డానికి పూసుకునేవాడు. అందుకని ఆ గడ్డం ఎప్పుడు చూసినా నిగనిగలాడుతుండేది.

"భాయ్, రుచి చూసే వంక పెట్టి నా డబ్బా ఖాళీ చేస్తున్నవ్" అని వేళాకోళం చేస్తే, "నేను తినలేనిది చూలాలికి ఎట్ల పెడ్త చెల్లె?" అనేవాడు.

చూలాళ్లంటే ఆయన చేపలు. కృష్ణ వైపు వెళ్లే దారిలో ఒక పల్లె వాళ్లది. ఇంటి వెనక రెండు సిమెంటు తొట్లు కట్టుకుని మార్పు చేపల్ని పెంచేవాడు. మీసాలుండి, పొలుసు లేకుండా, నల్లగా నున్నగా ఉంటుందే, ఆ చేప. జబ్బు చేసి లేచినవాళ్లకు బలమని మా వైపు వండిపెడతారు. కూరకి అమ్ముకునేవాళ్లు చాలామందే ఉన్నారు కానీ, ఈయన పని అది కాదు. తల్లి చేపల్ని మేపి, గుడ్లు తీసి, పిల్లల్ని చేసి చెరువుల వాళ్లకిచ్చేవాడు. తొట్ల దగ్గరికి చెప్పులతో ఎవర్నీ పోనిచ్చేవాడు కాదు. అక్కడ గొంతు తగ్గించి మాట్లాడేవాడు. ఒకసారి మా ఇంటాయన తొట్టి పక్కన నిలబడి గట్టిగా తుమ్మితే, "జర అవతలికి పోయి తుమ్మరాదె పటేలా, నిండు నెలలతోని ఉన్నయి" అన్నాడు. మా ఇంటాయన ఆ మాట చెప్పుకుని ఏడాది పాటు నవ్వాడు.

ఆ ఇంట్లో ఇద్దరే మనుషులు. ఆయన, ఆయన అక్క. ఆమెను ఊరంతా ఆపా అనే పిలుస్తుంది. పెళ్లయిన కొత్తలోనే భర్త పోయి పుట్టింటికి వచ్చేసింది. తల్లి లేని తమ్ముణ్ణి తనే పెంచింది. ఆయన పెళ్లి మాటెత్తితే, "ఆపా నన్ను పెద్దజేసుడే అయిపోలే ఇంకా, పెండ్లెక్కడిది" అని నవ్వించి తప్పించుకునేవాడు. ఆపా మంత్రసాని. చుట్టుపక్కల సగం మంది ఆమె చేతిలో పుట్టినవాళ్లే. నా ఇద్దరు పిల్లలూ అంతే. రెండో కాన్పులో నేను ఇక బతకనని అనుకున్నప్పుడు నా కడుపు మీద పడ్డ ఆమె అరచేతి వేడి నాకింకా గుర్తుంది.

గుడ్లు తీసే రోజున ఆ ఇంటికి వెళ్లి చూడాలి. తల్లి చేపకు సూది మందు వేసి, వేళకి బయటికి తీసి, తడిగుడ్డలో పెట్టి పొట్ట మీద మెల్లగా నొక్కాలి. గట్టిగా నొక్కితే రక్తం వస్తుంది. మెత్తగా నొక్కితే గుడ్డు రాదు. ఆ పని భాయ్ చేసేవాడు కాదు. ఆపా చేసేది. కింద పీట వేసుకుని, బిస్మిల్లా అని, బొటనవేలితో పై నుంచి కిందికి ఒక్కసారి రాస్తే పళ్లెంలోకి గుడ్లు జలజలా జారేవి. "అయిపాయె బిడ్డ, అయిపాయె" అని చేపతో చెప్పేది. మగ చేపను కోస్తే తప్ప ఈ జాతిలో పని జరగదు. అది మాత్రం భాయ్ వంతు. కత్తి పెట్టి మొహం అటు తిప్పుకునేవాడు.

ఇక నూనె సంగతి. తల్లి చేపల మేతలో తవుడు, పల్లిచెక్క, ఎండుచేపల పొడితో పాటు చేపనూనె కలపాలట. అప్పుడే గుడ్డు గట్టిపడుతుందట. ఆ నూనె కోస్తా నుంచి డబ్బాలో వచ్చేది. ఒక లారీ డ్రైవరు తెచ్చి కొత్తకోటలో ఢాబా దగ్గర దింపి పోతే, ఈయన బస్సులో తెచ్చుకునేవాడు. ఆ వాసన చెప్పనలవి కాదు. డబ్బాకు గోనె చుట్టి, దాని మీద దుప్పటి చుట్టి, ఒళ్లో పసిపిల్లను పెట్టుకున్నట్టు కూర్చునేవాడు. ఒకసారి అదే బస్సులో నేనూ ఉన్నాను. పెబ్బేరు దాటకముందే లొల్లి మొదలైంది. కండక్టర్ "ఏంది మియా, పీనుగును తీస్కపోతున్నవా?" అని దింపేశాడు. ఎండలో, రోడ్డు పక్కన, డబ్బాతో నిలబడి, నాకు చెయ్యి ఊపి నవ్వుతున్నాడు. నాకు కోపం వచ్చింది, జాలీ వేసింది. వచ్చే బస్సుకి వచ్చాడట, అదీ టాప్ మీద కూర్చుని.

ఆ డ్రైవరు దారి మార్చుకున్నాక చేపనూనె రావడం ఆగిపోయింది. భాయ్ నాలుగు రోజులు మొహం వేలాడేసుకుని తిరిగి, ఒక మధ్యాహ్నం మా గానుగకు వచ్చాడు.

"చెల్లె, కృష్ణల ఉన్న మార్పుకు సముద్రం చాప నూనె ఎవడు పోస్తున్నడు?"

"నాకేం ఎరుక భాయ్?"

"ఎవడు పోస్తలేడు. అయినా గుడ్లు పెడ్తలేదా? అది తినే పురుగుల, నాచుల ఏదో ఉన్నది. గసొంటిదే గింజల కూడ ఉంటదేమో. తల్లి ఏది తింటే గుడ్ల గదే ఉంటది. జర చూస్త."

అట్లా మొదలైంది. ముందు పల్లీనూనె పట్టుకుపోయాడు. గుడ్లు వచ్చాయి కానీ పిల్లలు నీరసంగా తేలిపోయాయి. కుసుమనూనె పెట్టి చూశాడు. కొంచెం మేలు. నువ్వుల నూనె పెడితే చేపలు తినడానికి పేచీ పెట్టాయట. చేప పేచీ పెడుతుందా అని నేను పడీపడీ నవ్వితే ఆయనకు చిన్నతనమైంది. చివరికి అవిసె గింజలు ఒక సంచీ తెచ్చి గానుగ ముందు దింపాడు. మా గానుగలో అప్పటిదాకా అవిసె ఆడించింది వడ్రంగుల కోసమే. కొత్త తలుపులకు, కిటికీలకు పూస్తారు. తినడానికైతే కారప్పొడి కొట్టుకోవడమే తప్ప నూనెగా ఎవరూ వాడరు. అందుకని గానుగ అంతా కడిగించి, తుడిపించి, అప్పుడు ఆడించాను. ఆయన వేలు ముంచి నాలుక మీద రాసుకుని, ఎన్నడూ లేనంతసేపు కళ్లు మూసుకున్నాడు.

"చేదున్నదా?" అన్నాను.

"లేదు. జర చాప వాసనే ఉన్నది" అన్నాడు. ఆ మొహంలో వెలుగు నేను మరిచిపోలేను.

ఇంట్లో ఆపా ఒప్పుకోలేదు. మేత ముద్దలు కలిపేది ఆమే. "దర్వాజలకు పూసేది తీస్కొచ్చి చూలాళ్లకు పెట్టుమంటవా? నీకు దిమాక్ ఉన్నదా?" అని గిన్నె తోసేసింది. ఆయన ఆమె ముందే ఒక ముద్ద తీసుకుని నోట్లో వేసుకున్నాడు. ఆమె నెత్తి కొట్టుకుని, తిట్టుకుంటూనే కలిపింది. ఆ యేడు వానాకాలం ఆపా బొటనవేలి కింద ఎట్లాంటి గుడ్లు జారాయో చెప్పలేను. చీకిపోయిన గుడ్డు కనపడనే లేదు. పిల్లలు తొట్టి అడుగున చీమల బారులాగా కదిలాయి. వనపర్తి నుంచి, నాగర్‌కర్నూల్ నుంచి చేపల వాళ్లు వచ్చి చూసి, తిరుగుదారిలో మా గానుగ ముందు ఆగి అవిసె నూనె అడిగేవాళ్లు. "మా చెల్లె గానుగలదే తీస్కోండ్రి" అని ఈయన పంపేవాడు. గానుగ మీద చెయ్యి వేసి ఫొటో దిగాలనిపించేంత గర్వంగా ఉండేది నాకు.

ఆ మరుసటి యేడు వాన మొహం చాటేసింది.

తల్లి చేపలు అవిసె తిని నిండుగా తయారయ్యాయి. పొట్టలు బిగుసుకున్నాయి. కానీ సూది వేసి గుడ్లు తీస్తే పిల్లల్ని బతికించడానికి నీళ్లు కావాలి. బోరు సన్నగా పోస్తోంది, కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు. ఒక్క వాన పడితే చాలని ఆయన రోజూ మబ్బు వైపు చూస్తున్నాడు. ఈ యేడు పిల్లలు చేతికి రాకపోతే తొట్లు ఆరబెట్టేసి మేస్త్రీ వెంట బొంబాయికి కూలికి పోవడమే. ఊళ్లో సగం ఇళ్లకు అప్పటికే తాళాలు పడ్డాయి. "నేను పోతే ఆపాకు గంజి ఎవరు కాస్తరు?" అని నా దగ్గర ఒక్కసారే అన్నాడు.

అదే సమయానికి బోరు మోటారు కాలిపోయింది. వైండింగ్ చేయించడానికి దాన్ని వనపర్తికి పట్టుకుపోయాడు. ఆయన వెళ్లిన రోజు మధ్యాహ్నం జరిగిందంతా తర్వాత మా గానుగ అరుగు మీద కూర్చుని ఆయనే చెప్పాడు.

సాయంత్రం బస్సు దిగి ఇంటి వెనక్కి వెళ్లేసరికి ఆపా తొట్టి గట్టు మీద కూర్చుని ఉందట. మొహం కడుక్కుని, తెల్లటి దుపట్టా కప్పుకుని, కాన్పు చేయడానికి కూర్చున్నట్టే కూర్చుందట. పక్కన ఆముదం బుడ్డి ఖాళీగా ఉంది. ఇంట్లో తనే వేయించి, దంచి, వండి తీసిన ఆముదం. దినాలు మీరినా నొప్పులు రాని ఆడవాళ్లకు ఆమె ముందు పట్టించేది అదే. నా చేత కూడా తాగించింది. చూలాళ్లు దినాలు మీరి కష్టపడుతున్నాయని ఆమెకనిపించింది. మేత ముద్దల్లో ఆముదం కలిపి పెట్టింది. మిగిలింది, పొట్టకు రాసినట్టు ఉంటుందని, తొట్లలో పోసేసింది.

"రేపు పొద్దుగాలకు నొప్పులొస్తయి సూడు తమ్మీ. బొంబాయి లేదు గింబాయి లేదు. ఇగ పరేషాన్ కాకు" అందట తమ్ముడితో.

మార్పు చేప ఊరికే నీళ్లలో బతకదు. మాటిమాటికీ పైకి వచ్చి గాలి గుక్క తీసుకుని పోతుంది. తొట్లలో ఉన్నదే కాస్త నీళ్లు. వాటి మీద చిక్కటి ఆముదం తెట్టు. పైకి వచ్చిన చేపకల్లా మీసాలకు, మూతికి ఆ జిడ్డే అంటుకుంటోంది. కడుపులోకి పోయింది కడుపులో పని చేస్తోంది. నీళ్లు మార్చాలంటే మోటారు ఆయన భుజం మీదే ఉంది, కరెంటు లేదు. చేదబావి నుంచి బిందెలతో మోసి పోశాడు. ఎంత పోసినా తెట్టు పైనే తేలింది. మర్నాటి నుంచి ఒక్కొక్కటే తెల్లటి పొట్ట పైకి పెట్టుకుని తేలాయి. గుడ్లు కడుపులోనే ఉన్నాయి.

తేలిన చేపను ఒళ్లో పెట్టుకుని ఆపా అడిగిందట. "తమ్మీ, నా మందుతోని గిట్ల అయిందా?"

"ఏం చెప్పినవ్ భాయ్?" అన్నాను నేను.

"ఎండ అంటే నమ్మదు. గింతకంటే ఎండలు చూసినయి అవి. అందుకే అవిసె నూనె పడలేదన్న. నువ్వు ముందుగాలనే చెప్పినవ్ ఆపా, దర్వాజల నూనె అని, నేనే ఇనలే అన్న. గప్పుడు నమ్మింది." నేల వైపు చూస్తూ మళ్లీ అన్నాడు. "ఆమె కండ్లల్ల భయం చూసిన చెల్లె. గా చెయ్యితోని తప్పైందని తెలిస్తే ఇంకో ఆడబిడ్డ కడుపు మీద చెయ్యి ఎయ్యదు. తిండి గూడ తినదు. ఇప్పుడు ఊరంత గదే చెప్పాలె నేను. ఆమెకు చెప్పింది ఒకటి, బయట చెప్పింది ఒకటైతే ఎట్లనన్న చెవుల పడ్తది."

నాకు ఒళ్లు మండిపోయింది. ఎంత మాట పడితే అంత మాట అనేశాను. "నీ అక్క మనసు గాజుబొమ్మ, నా గానుగ పేరు మట్టిబొమ్మనా? రేపటి సంది పల్లీనూనె కూడా ముట్టరు మా దగ్గర. రెండేండ్లు నువ్వు పడ్డ కష్టమంత ఉత్తదేనని నీ నోటితోనే చెప్తవా? గింత మంచిగ తేలిన పనిని బొంద పెడ్తవా?"

ఆయన అన్నీ విన్నాడు. లేచి వెళ్లి అవిసె నూనె డబ్బాలో చిటికెన వేలు ముంచి నాలుక మీద రాసుకున్నాడు. కళ్లు మూసుకుని కాసేపు నిలబడ్డాడు. "దీని తప్పేం లేదు" అన్నాడు నూనెతో చెప్పినట్టు. తర్వాత నా వైపు తిరిగి, "ఆపా ఉన్నన్ని దినాలు ఓర్చుకో చెల్లె" అని రెండు చేతులూ జోడించాడు. అన్నలాంటి మనిషి అట్లా చేతులు జోడిస్తే నేనేం చేయను? సరే అన్నట్టు తల ఊపాను. ఆ రోజు ఆయన గడ్డానికి నూనె పూసుకోలేదు.

అన్నట్టే ఊరూరా చెప్పాడు. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పాడు. మిగతా చేపల వాళ్లు అవిసె మానేసి, చేపనూనె డబ్బాల కోసం మళ్లీ బస్సుల్లో తిట్లు తినడం మొదలుపెట్టారు. మా గానుగను చేపల్ని చంపిన గానుగ అన్నారు. మా ఇంటాయన ఆయనతో మాట్లాడడం మానేశాడు. తొట్లు ఎండిపోయాయి. బొంబాయి దూరమైతే అక్కను చూసుకోలేనని భాయ్ కొత్తకోటలో ఆ ఢాబాలోనే పనికి కుదిరాడు. ఏం పనంటే, చేపలు కోసే పని.

తర్వాత ఒక్కసారే చూశాను అక్కడ. ఒక పెళ్లికి వెళ్లి వస్తూ ఆ ఢాబా ముందు ఆగాం. వెనకవైపు నీళ్ల టబ్బు దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఒక చేపను తీసుకుని పొట్ట మీద బొటనవేలితో రాసి చూసి, పక్కన ఇంకో టబ్బులో వేశాడు. "అదెందుకు అవతల ఏస్తున్నవ్?" అన్నాను. తలెత్తి నన్ను చూసి నవ్వాడు. "గుడ్డుతోని ఉన్నది. దీన్ని ఇంకొకడు కోస్తడు. నేను కొయ్య." గడ్డం తెల్లబడి, పొడిబారి ఉంది. ఆపా ఎట్లా ఉందని అడిగాను. "మొన్న అమ్రాబాద్ దిక్కెళ్లి ఒక బిడ్డను తీస్కొచ్చిండ్రు కాన్పుకు. ఇద్దరూ మంచిగున్నరు" అని తన ఇంట్లో పండుగ జరిగినట్టు చెప్పాడు.

భాయ్ పోయిన మూడోనాడు చేసే జియారత్‌కు నేనొక్కదాన్నే వెళ్లాను. ఇంటి వెనక తొట్లలో పిచ్చిమొక్కలు మొలిచాయి. ఆపా గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. చూపు బాగా తగ్గింది. గొంతును బట్టి నన్ను గుర్తుపట్టి, చేతులతో వెతుక్కుని నా మొహం తడిమింది. గూట్లో ఆముదం బుడ్డి అట్లాగే ఉంది. గుమ్మం దగ్గర నిండు నెలల పిల్ల ఒకతె, చావింట్లో అడగవచ్చో లేదో అని నిలబడి ఉంటే, ఆపానే దగ్గరికి పిలిచి కడుపు మీద చెయ్యి పెట్టి, "తల కిందికే ఉన్నది, భయపడకు" అంది. ఆ చెయ్యి కొంచెం కూడా వణకలేదు.

ఆ పిల్ల వెళ్లాక నా చెయ్యి పట్టుకుంది.

"బిడ్డా, గా నూనె చాపలకు పెట్టకపోతే నా తమ్ముడు ఇంట్లనే ఉండేటోడు. నా చేతుల పోయేటోడు. ఎవరెవరికో చాపలు కోసుకుంట రోడ్డు మీద పోయిండు. ఎన్నిసార్లు అనుకున్ననో. నీ గానుగలకెళ్లి ఆ నూనె రాకపోయుంటే ఎట్లుండె అని."

నోటి దాకా వచ్చింది. ఆపా, అది నా నూనె కాదు, నీ బుడ్డి అని. ఇన్నేళ్లు పడ్డ మాటలన్నీ, మా ఇంటాయన అలకలన్నీ, ఆ ఒక్క ముక్కతో కడుక్కుపోయేవి. ఓర్చుకోమని అడిగిన మనిషి కూడా లేడు. ఇంకా ఎవరి కోసం దాచాలి అనిపించింది. నా కడుపు మీద అంత వేడిగా పడ్డ చెయ్యి నా చేతిలోనే ఉంది. గుమ్మం దాటిన ఆ పిల్ల ఇంకా గల్లీ చివరిదాకా కూడా పోయి ఉండదు.

"అవును ఆపా. నా నూనెదే తప్పు" అన్నాను.

ఏడుపు ఆగలేదు నాకు. ఆపా తన దుపట్టా కొంగుతో నా కళ్లు తుడిచింది.

"ఏడ్వకు బిడ్డా. తెల్వక చేసినవ్. తెల్వక చేసినదానికి అల్లా మాఫ్ చేస్తడు" అంది.

ఆ మాట వినడానికి భాయ్ ఉండి ఉంటే బాగుండేది.